పాలతో తేరిన పంచ్: క్రిస్మస్‌కు ముందు ఏడు వారాలు

నవంబరు 8

ఈ క్రిస్మస్‌కు సికింద్రాబాదులోని మా ఇంట్లో పదహారు మంది కలుస్తున్నారు. వారిలో తొమ్మిది మంది పండగ పూట కొద్దిగా మద్యం పుచ్చుకునేవారు, ఏడుగురు దాని జోలికే పోనివారు. ఆ ఏడుగురిలో ముగ్గురు పిల్లలు, నలుగురు పెద్దలు. నిరుడు అడిగినవారికి అడిగినట్టు ఒక్కొక్క గ్లాసు విడిగా కలిపి ఇవ్వడంతో నేను సాయంత్రమంతా వంటింటి గట్టు దగ్గరే నిలబడిపోయాను. తాగని పెద్దలకు మాత్రం ఫ్రిజ్‌లో ఉన్న కూల్‌డ్రింకు సీసా మూత తీసి పోసి ఇచ్చాను. నెల్లూరు నుంచి వచ్చిన మా మేనత్త ఆ గ్లాసు అందుకుని, ఒక్క గుక్క తాగి, కిటికీ గట్టు మీద పెట్టి మరిచిపోయింది. ఆ గ్లాసు నాకు ఏడాదంతా గుర్తుంది.

అందువల్ల ఈసారి రెండు నియమాలు పెట్టుకున్నాను. మొదటిది, పానీయం పండగకు ముందే పూర్తిగా తయారై సీసాల్లో ఉండాలి. ఆ పూట నేను చేయవలసింది పోయడం ఒక్కటే కావాలి. రెండవది, తాగనివారి గ్లాసు వెనుక కూడా అంతే శ్రమ, అంతే రుచి ఉండాలి.

మొదట వేడి వైను గురించి ఆలోచించాను. ఎర్ర వైనులో కమలా తొక్క, లవంగాలు, దాల్చినచెక్క వేసి సన్నని సెగ మీద వెచ్చబెట్టే ఈ పానీయంలో మెలకువ ఒక్కటే: మద్యసారం 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి గిన్నెలో బుడగలు రానివ్వకూడదు. అర్ధరాత్రి ఆరాధన ముగించుకుని చలిలో ఇంటికి వచ్చినప్పుడు అది బాగుంటుంది. మా విందు మాత్రం మిట్టమధ్యాహ్నం, డిసెంబరులోనూ ఎండ చురుక్కుమనే హైదరాబాదులో. గుడ్లు, పాలు, రమ్ము కలిపే ఎగ్‌నాగ్ రెండవ ఆలోచన. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో మద్యం గాఢంగా ఉన్న ఎగ్‌నాగ్‌లో కావాలనే సాల్మొనెల్లా కలిపి చూస్తే, మూడు వారాల తర్వాత అందులో బతికి ఉన్న సూక్ష్మజీవి ఒక్కటీ కనిపించలేదు. అయినా ప్రయోగశాల వేరు, డెబ్బై దాటిన పెద్దలు కూర్చునే బల్ల వేరు. పచ్చి గుడ్ల ఆలోచన అక్కడితో వదిలేశాను.

మిగిలింది పంచ్, అంటే మద్యంలో పులుపు, తీపి కలిపే పానీయం. అందులోనూ పాలు విరగ్గొట్టి, ఆ విరుగుడు గుండా వడకట్టి, అద్దంలా తేటగా చేసే పాత పద్ధతి నన్ను ఆకర్షించింది. అది చేసి ఉంచుకోవచ్చు, నిలవ ఉంటుంది, పైగా రోజులు గడిచేకొద్దీ రుచి కుదురుకుంటుంది.

నవంబరు 11

పంచ్ గురించి చదువుతూ కూర్చుంటే రాత్రి ఒంటిగంట దాటింది. ఈ పానీయాన్ని నేను ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చినదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ఇటు నుంచి అటు వెళ్ళింది. పంచ్ అనే మాట రాతలో కనిపించే తొలి ఆధారం 1632 నాటి ఒక ఉత్తరం. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి రాబర్ట్ ఆడమ్స్ ఆర్మగావ్ నుంచి పెటపోలిలో ఉన్న థామస్ కోలీ అనే వర్తకుడికి రాస్తూ పంచ్ తాగే ప్రస్తావన తెచ్చాడు. ఆర్మగావ్ అంటే నెల్లూరు తీరంలోని మన దుగరాజపట్నం. పెటపోలి అంటే నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. 1639లో మద్రాసులో కోటకు స్థలం సంపాదించక ముందు ఆంగ్లేయ వర్తకులు కోరమండల్ తీరంలో కాలూనడానికి ప్రయత్నించిన చోట్లు ఇవి. పంచ్ మొదటిసారి కాగితమెక్కింది ఒక తెలుగు రేవు నుంచి మరొక తెలుగు రేవుకు వెళ్ళిన ఉత్తరంలో అని తెలిసిన తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

మద్యం, పులుపు, తీపి, నీరు, సుగంధ ద్రవ్యం అనే అయిదు వస్తువుల వల్ల ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందని చాలామంది చెబుతారు, కాదనేవారూ ఉన్నారు. పేరు మాట ఎలా ఉన్నా, ఆ వర్తకుల చేతికి అందినవి ఇక్కడి సారా, ఇక్కడి నిమ్మకాయ, ఇక్కడి తీపి. ఇంగ్లీషు వంట పుస్తకాలు అడిగే పెద్ద పసుపుపచ్చ లెమన్లు మోండా మార్కెట్టులో దొరకవని నేను రెండు రోజులుగా దిగులు పడుతున్నాను. ఇక ఆ దిగులు అక్కరలేదు. మన కాగితపు నిమ్మకాయే ఈ పానీయానికి అసలు పులుపు.

నవంబరు 15

మొదటి ప్రయత్నం. ఆధారంగా తీసుకున్నది అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763లో తన మిత్రుడు జేమ్స్ బౌడిన్‌కు రాసి పంపిన పాల పంచ్ విధానం. ఆయన లెక్క పెద్దది: 44 లెమన్ల తొక్కను ఆరు క్వార్టుల (క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ) బ్రాందీలో ఒక రోజంతా నానబెట్టి, నీళ్ళు, నిమ్మరసం, పంచదార, నాలుగు పెద్ద జాజికాయల పొడి కలిపి, చివర మూడు క్వార్టుల పాలు కాచి వేడివేడిగా పోయమంటాడు. బ్రాందీ, నీళ్ళు, రసం కలిపి పన్నెండు పాళ్ళు, పాలు మూడు. అంటే నాలుగింట ఒకటి.

నేను చిన్న కొలత తీసుకున్నాను. ముదురు రమ్ము 150 మిల్లీలీటర్లు, చిక్కని టీ డికాక్షన్ 50, నిమ్మరసం 40, నీళ్ళు 100, పంచదార 50 గ్రాములు, పాలు 80 మిల్లీలీటర్లు. రమ్ములో నాలుగు నిమ్మకాయల తొక్కను నిన్న ఉదయమే వేసి ఉంచాను. ఇంట్లో అట్టపెట్టె పాలు ఉంటే వాటినే కాచి, ఫ్రాంక్లిన్ చెప్పినట్టు వేడిగా పంచ్‌లోకి ఒంపాను.

ఫలితం బాగా రాలేదు. పాలు తగిలీ తగలగానే విరిగాయి గాని, విరుగుడు తరకలు కట్టకుండా ఇసుకలా సన్నగా రాలింది. గుడ్డలో పోస్తే మొదట గుడ్డ దాటి వచ్చేసింది, తర్వాత గుడ్డను పూడ్చేసింది. రెండు గంటల తర్వాత చేతికి వచ్చింది పల్చని మజ్జిగతేట లాంటి మసక నీరు. రుచి చూస్తే నాలుక వెనక చేదు గట్టిగా తగిలింది.

నవంబరు 16

నిన్నటి తప్పులను ఒక్కొక్కటిగా రాసుకుంటున్నాను, ఎందుకంటే మూడూ వేర్వేరు కారణాల వల్ల జరిగాయి.

చేదు తొక్కది. మన నిమ్మకాయ తొక్క కాగితమంత పల్చన. కూర తొక్కు తీసే పీలర్ కొంచెం లోపలికి దిగినా తెల్లటి పొర వచ్చేస్తుంది, ఇరవై నాలుగు గంటలు మద్యంలో నానితే ఆ పొరలోని చేదంతా దిగుతుంది. లెమనుకు సరిపోయిన గడువు నిమ్మకు సరిపోదు. వాసన కోసం కమలా తొక్క వాడాలి, నిమ్మ నుంచి రసం ఒక్కటే తీసుకోవాలి.

ఇసుకలాంటి విరుగుడుకు కారణం అట్టపెట్టె పాలు. వాటిని నిలవ కోసం అత్యధిక వేడికి గురిచేస్తారు. ఆ వేడికి పాలలోని ఇతర మాంసకృత్తులు, తరక కట్టే మాంసకృత్తు అయిన కేసిన్‌కు అంటుకుపోయి, విరిగినప్పుడు గట్టి తరక కట్టనివ్వవు. పనీరు చేసేవారందరికీ తెలిసిన సంగతే ఇది, నాకు ముందు తట్టలేదు. రోజూ తెల్లవారుజామున వచ్చే ప్యాకెట్టు పాలలో, అదీ ఆరు శాతం వెన్న ఉన్న చిక్కని పాలే తీసుకోవాలి.

మూడవది పోసే క్రమం. పులుపంతా ఉన్న గిన్నెలోకి కొద్దికొద్దిగా పాలు పోస్తే పడిన ప్రతి చుక్కా అక్కడికక్కడే విరిగిపోతుంది. అదే పాల గిన్నెలోకి పంచ్‌ను సన్నని ధారగా పోస్తే పులుపు నెమ్మదిగా పెరిగి, పాలన్నీ ఒకే తరకగా కూడుకుంటాయి. ఈ కాలపు పంచ్ తయారీదారులు పాటించే క్రమం ఇదే. ఫ్రాంక్లిన్ మీద గౌరవంతోనే ఆయన క్రమాన్ని తిరగేస్తున్నాను.

నవంబరు 22

రెండవ ప్రయత్నం. రమ్ములో ఒక కమలాపండు తొక్కను పన్నెండు గంటలు మాత్రమే ఉంచాను. నాగపూరు కమలాలు ఇప్పుడిప్పుడే బళ్ళ మీదికి వస్తున్నాయి. గోరు గుచ్చితే చేయంతా వాసన పట్టుకుంటోంది. ప్యాకెట్టు పాలను ఒక పొంగు రానిచ్చి, వేలు పెట్టగలిగేంత చల్లార్చి, వెడల్పాటి గిన్నెలో పోసి, పంచ్‌ను సన్నని ధారగా ఒంపాను. అర నిమిషంలో పెద్ద పెద్ద మబ్బుల్లా విరిగాయి. కలపకుండా మూత పెట్టి రెండు గంటలు కదిలించలేదు.

వడకట్టడానికి పాత నూలు చీర ముక్కను సబ్బు లేకుండా వేడినీళ్ళలో రెండుసార్లు మరిగించి వాడాను. సబ్బు వాసన గుడ్డకు ఏమాత్రం ఉన్నా అది పంచ్‌కు పట్టేస్తుంది. మొదట దిగినది ఇంకా మసకగానే ఉంది. కానీ ఇక్కడే ఈ పద్ధతిలోని అందమంతా ఉంది: గుడ్డ అడుగున పేరుకున్న విరుగుడే అసలైన వడపోత. మొదట దిగినదాన్ని ఆ విరుగుడు చెదరకుండా గరిటె వీపు మీదుగా మళ్ళీ పైన పోశాను. రెండవసారి దిగిన ధార లేత గడ్డి రంగులో ఉంది. మూడవసారి గ్లాసు వెనక వార్తాపత్రిక పెట్టి చదవగలిగాను.

గట్టున కూర్చుని ఆ చుక్కలు పడటం చూస్తూ ఎంతసేపు గడిపానో తెలియదు. ముదురు గోధుమరంగు రమ్ము, నల్లటి టీ, పాలు కలిపితే తేట బంగారు నీరు వస్తుందని కళ్ళతో చూస్తే తప్ప నమ్మలేము.

నవంబరు 23

ఫ్రిజ్‌లో ఒక రాత్రి నిలిచిన తర్వాత రుచి చూశాను. రమ్ములోని మంట, టీలోని వగరు రెండూ మాయమయ్యాయి. పులుపు వల్ల పాలు విరిగినప్పుడు కేసిన్ ముద్ద కడుతూ టీలోని వగరు పదార్థాలను, రంగును తనతో పట్టుకుపోతుంది. విరుగుడు తేటలో మిగిలిన మాంసకృత్తులు పానీయానికి నాలుక మీద జారిపోయే నునుపునిస్తాయి. పాల రుచి మాత్రం ఎక్కడా లేదు. మావారు రెండు గుక్కలు తాగి, ఇందులో మద్యం ఎంత ఉందని అడిగారు. ఆ ప్రశ్న నన్ను కూర్చోబెట్టి లెక్క వేయించింది.

పెద్ద కొలతలో 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి పోస్తాను. 42.8 శాతం చొప్పున అందులో మద్యసారం 321 మిల్లీలీటర్లు. టీ 250, నిమ్మరసం 200, నీళ్ళు 500, పాలు 400, కరిగిన పంచదార 250 గ్రాములు కలిపితే మొత్తం సుమారు 2,250 మిల్లీలీటర్లు. అంటే పంచ్‌లో మద్యసారం 14 శాతం చిల్లర. 90 మిల్లీలీటర్ల చిన్న గ్లాసు ఒకటి తాగితే 30 మిల్లీలీటర్ల రమ్ము తాగినట్టే. ఇది మజ్జిగలా దిగిపోయే పానీయం కాబట్టి ఈ లెక్క ఇంట్లో పోసేవారికి కచ్చితంగా తెలిసి ఉండాలి. పెద్ద గ్లాసులు బయటికి తీయకూడదని, తాగినవారు ఎవరూ బండి తాళాలు ముట్టకూడదని ఇప్పుడే నిర్ణయించుకున్నాను.

నవంబరు 30

మూడవ ప్రయత్నంలో మార్చినది ఒక్క మసాలానే. రెండు లవంగాలు, అంగుళం దాల్చినచెక్క టీతోపాటు మరిగించాను. జాజికాయను మాత్రం వడకట్టే ముందు కాకుండా, పోసిన గ్లాసు మీద అప్పటికప్పుడు గీరాలి. ముందే వేస్తే దాని వాసన సగం విరుగుడుతో పోతోంది. పచ్చి అల్లం వేద్దామనుకుని మానేశాను. పచ్చి అల్లంలో పాలను తోడుపెట్టినట్టు గడ్డకట్టించే ఎంజైము ఉంటుంది. పులుపు చేయవలసిన పనిలో అది ముందే తలదూరుస్తుంది. శొంఠికి ఆ ఇబ్బంది లేదు.

రమ్ము పంచ్ ఇక ఖాయమైంది.

డిసెంబరు 4

మేనత్తకు ఫోను చేసి ఈసారి ముందే రమ్మని పిలిచాను. మాటల్లో దుగరాజపట్నం ఉత్తరం సంగతి చెప్పాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, “సారా మా జిల్లాలోనే మొదలైందంటావా అమ్మాయ్?” అంది. నేను, “సారా కాదత్తా, పంచ్” అన్నాను. “పేరేదైతేనేం, అందులో పోసింది సారానే గదా” అంది.

ఆమె మాటకు బరువుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించినప్పుడు మా అత్త అదే జిల్లాలో ఉద్యోగం చేస్తోంది. ఆ ఉద్యమం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. కూలి డబ్బు మొత్తం సారా ప్యాకెట్ల కింద పోయి పిల్లలు పస్తులు పడుకున్న ఇళ్ళను ఆమె దగ్గరగా చూసింది. ఆమె మద్యం ముట్టకపోవడం ఆ ఇళ్ళలో నుంచి వచ్చిన నిర్ణయం, మతం ఒక్కటే కారణం కాదు. పంచ్ మొదట కాగితమెక్కిన తీరం, సారాను తరిమిన తీరం ఒకటే కావడాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఆమె ముందు బల్ల మీద పెట్టే గ్లాసును రమ్ము తీసేసి నీళ్ళు పోసిన గ్లాసుగా చేయకూడదు. దానికి దాని సొంత రుచి ఉండాలి.

అలాంటి పానీయం కోసం ఎక్కడెక్కడో వెతకనక్కరలేదు. బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు, నీళ్ళు: పానకంలో పంచ్ అయిదింటిలో మూడు ఇప్పటికే ఉన్నాయి. నిమ్మరసం చేర్చి, పాలతో తేర్చితే ఏమవుతుందో చూడాలి.

డిసెంబరు 7

పానకం పంచ్, మొదటి ప్రయత్నం. బెల్లం ఎంచుకోవడంలోనే ఒక పూట పోయింది. తెల్లగా మెరిసే బెల్లంలో రంగు కోసం రసాయనాలు కలుపుతారు కాబట్టి ముదురు రంగు బెల్లమే తెచ్చాను. బెల్లం చెరకు రసాన్ని సున్నంతో శుద్ధి చేసి కాచేది, అందువల్ల పంచదారకు పట్టిన పులుపు దీనికి చాలదు; నిమ్మరసం ఒక చెంచా అదనంగా పడితే గాని పాలు పూర్తిగా విరగలేదు.

తేట లేత తేనె రంగులో చక్కగా దిగింది. కానీ రుచి చూస్తే మంచి షర్బత్, అంతకు మించి ఏమీ లేదు. గుటక వేసిన తర్వాత నోట్లో ఏమీ మిగలడం లేదు. మద్యం ఇచ్చే వెచ్చదనం, పీపాలో ఏళ్ళు నిలవ ఉన్న రమ్ము ఇచ్చే చెక్క వాసన, టీ వగరు, మూడూ లేవు. టీ వేసినా దాని వగరును పాలే తీసేస్తాయి.

డిసెంబరు 10

చెక్క వాసనకు జవాబు సుగంధిపాల వేరులో దొరికింది. వేసవిలో రాయలసీమ, నెల్లూరు వైపు నన్నారి షర్బత్ చేసేది ఈ వేరుతోనే. ఓక్ పీపాల నుంచి రమ్ములోకి దిగి వనిల్లా వాసననిచ్చే వనిల్లిన్‌కు, సుగంధి వేరులో వాసననిచ్చే పదార్థానికి అణు నిర్మాణంలో దగ్గరి చుట్టరికం ఉంది. అవే పరమాణువులు, అమరిక మాత్రం వేరు. ఆ సంగతి చదివి కాదు, వేరును నలిపి వాసన చూసినప్పుడే నాకు పాత రమ్ము సీసా మూత తీసినట్టనిపించింది. మోండా మార్కెట్టు దగ్గరి మూలికల దుకాణంలో 50 గ్రాములు తీసుకున్నాను. మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది కాబట్టి వేరును దంచి, పొయ్యి ఆపిన వేడినీళ్ళలో వేసి మూత పెట్టి రాత్రంతా ఉంచాను.

వెచ్చదనానికి మిరియాలు పెంచాను: లీటరుకు పదిహేను గింజలు, కచ్చాపచ్చాగా దంచి. ఇక వగరు మిగిలింది. పాలతో తేర్చడం పూర్తయ్యాక చల్లనీళ్ళలో నానబెట్టిన టీ కలిపితే ఆ వగరును పాలు పట్టుకుపోలేవు కదా అని 300 మిల్లీలీటర్లు కలిపి సీసాకెత్తాను. గుక్క వేయగానే నాలుక మీద చక్కని వగరు పట్టు తెలిసింది.

డిసెంబరు 11

పొద్దున్నే సీసా చూస్తే మసకబారింది. తేటలో మిగిలిన పాల మాంసకృత్తులు కొత్తగా వచ్చిన టీ వగరుతో కలిసి రాత్రికి రాత్రి పొగలా తేలాయి. రుచి పాడు కాలేదు, కాని అద్దంలాంటి ఆ తేటదనం పోయింది, నాకు అది ముఖ్యం. కాబట్టి టీని వేరే సీసాలో ఉంచి, పోసే గంటలోనే కలపాలి.

డిసెంబరు 14, 15

రమ్ము పంచ్ అసలు తయారీ. పద్నాలుగు నిమ్మకాయలు పిండితే 200 మిల్లీలీటర్లు సరిగ్గా వచ్చింది. సాయంత్రం ఆరింటికి పాలలోకి పంచ్ ఒంపాను, ఎనిమిదింటికి గుడ్డలో పోశాను, రెండుసార్లు వెనక్కి పోసి, రాత్రంతా వంటింటి కొక్కేనికి కట్టి వదిలేశాను. గుడ్డను పిండాలన్న కోరికను అణచుకోవడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. ఒక్కసారి పిండితే తరకలు పగిలి ఏడు గంటల శ్రమ మసకబారుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి రెండు లీటర్లు దిగింది. మరిగించి ఆరబెట్టిన మూడు గాజు సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మద్యం, పులుపు, తీపి మూడూ ఉండటం వల్ల ఇది వారాల తరబడి నిలుస్తుంది. పానకానికి ఆ కాపుదల లేదు, అది పండగకు రెండు రోజుల ముందు చేయవలసిందే.

డిసెంబరు 20

రెండు పానీయాలనూ పక్కపక్కన గ్లాసుల్లో పెట్టి చూసి భయపడ్డాను. రెండూ తేటే, రెండూ బంగారు రంగే. పిల్లలున్న ఇంట్లో ఇది ప్రమాదం. రమ్ము సీసాల మెడకు ఎర్ర రిబ్బను కట్టి, బల్ల మీద కాకుండా ఎత్తైన అల్మరాలో ఉంచి, మావారొక్కరే పోసేలా ఏర్పాటు చేశాను. బల్ల మధ్యలో పెద్ద గాజు గిన్నెలో ఉండేది పానకం పంచే. మరొక సంగతి: పాల రుచి లేకపోయినా రెండింటిలోనూ పాల మాంసకృత్తులు మిగిలే ఉంటాయి. మా బావగారి చిన్నబ్బాయికి పాలు పడవు, వాడికి నిమ్మ, కమలా రసాలతో విడిగా చేస్తున్నాను, అదే గ్లాసులో, అదే జాజికాయతో.

కాచి చల్లార్చిన నీళ్ళను పాత కేకు గిన్నెలో పోసి, కమలా చక్రాలు, దానిమ్మ గింజలు వేసి గడ్డకట్టించాను. చిన్న ముక్కలకంటే పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది, పంచ్ నీళ్ళకారదు.

డిసెంబరు 23

పానకం పంచ్ అసలు తయారీ. బెల్లం 300 గ్రాములు, సుగంధి వేరు 30 గ్రాములు నానిన నీళ్ళు లీటరు, మిరియాలు పదిహేను, యాలకులు ఎనిమిది, శొంఠి ఒక చిన్న చెంచా, నిమ్మరసం 200 మిల్లీలీటర్లకు పైన ఒక చెంచా, చిక్కని పాలు 400. మొదటి ధారే దాదాపు తేటగా దిగింది. చేయి తిరిగిందని తెలిసింది.

డిసెంబరు 25

ఆరాధన నుంచి వచ్చేసరికి పన్నెండున్నర. టీ కలిపాను, మంచుగడ్డ దింపాను, జాజికాయ గీరాను. వంటింట్లో నేను గడిపింది పది నిమిషాలు. తొమ్మిది మందికీ చిన్న గ్లాసులతో రెండు విడతలు పోశారు మావారు. మూడవ విడత అడిగినవారు ఇద్దరే.

పెద్దలకు పానకం పంచ్ నేనే పోసి అందించాను. మేనత్త గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, ఇందులో ఏం పోశావని అడిగింది. బెల్లం దగ్గర నుంచి టీ దాకా ఒక్కొక్కటీ చెప్పాను. పాలు విరగ్గొట్టి వడకట్టానంటే నమ్మలేదు; వంటింట్లోకి తీసుకువెళ్ళి గుడ్డలో మిగిలిన విరుగుడు చూపించాను. వేలితో తీసి రుచి చూసి, “ఇదీ బావుందే, పారేయబాక” అంది. తర్వాత కుర్చీలో కూర్చుని గ్లాసు ఖాళీ చేసింది. రెండవసారి తనే గరిటె పట్టుకుని పోసుకుంది.

డిసెంబరు 26

రమ్ము పంచ్ మూడు గ్లాసులు మిగిలింది. పానకం గిన్నెలో కమలా చక్రాలు తప్ప ఏమీ లేవు. మిగిలిన విరుగుడును కొబ్బరి తురుముతో సన్నని సెగ మీద దగ్గరపడేదాకా కలిపి బిళ్ళలు కోశాను; పానకం విరుగుడు దీనికి బాగా కుదిరింది, రమ్ము విరుగుడు పులుపు ఎక్కువై కుదరలేదు.

అత్త రైలెక్కే ముందు ఈ పుస్తకం అడిగి తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని 23వ తేదీ పేజీ చదివింది. నా చేతిలో పెన్ను తీసుకుని ‘పదిహేను’ కొట్టివేసి పైన ‘25’ అని రాసింది. సంక్రాంతికి తను నెల్లూరులో చేస్తుందట. సుగంధి వేరు అక్కడే తాజాగా దొరుకుతుంది, మిరియాలు మాత్రం ఇక్కడి నుంచి పంపమంది.